కాంటా ఎక్కనన్న అల్లుడు

మనుషుల్ని కిందికి పంపడం నా ఉద్యోగం. దీనికి ముందు ఏళ్ళ తరబడి మంథని బస్సులో కండక్టరుగా మనుషుల్ని పైకి ఎక్కించాను. ఏది కష్టమని అడిగితే కిందికి పంపడమే అంటాను. బస్సులో ఎవరైనా మాట వినకపోతే డ్రైవరుకు చెప్పి బండి ఆపించేదాన్ని. ఇక్కడ నీళ్ళు ఆగవు, జనం ఆగరు, నా నోరు కూడా ఆగదు.

మా పార్కు పేరు గంగమ్మ వాటర్ వరల్డ్. మంథని నుంచి పెద్దపల్లి పోయే రోడ్డు మీద, వరి పొలాల మధ్య ఉంటుంది. ఓనరు బుచ్చిరాములు దుబాయిలో ఇలాంటి పార్కుకే టైల్స్ వేసి వచ్చాడు. అక్కడి జనం జారుతుంటే చూసీ చూసీ, మనవాళ్ళు మాత్రం ఏం పాపం చేశారని ఇక్కడ ఒకటి కట్టించాడు. టైల్స్ మేస్త్రీ కట్టించిన పార్కు కాబట్టి మా బాత్రూములు చూడముచ్చటగా ఉంటాయి. మిగతావి ఏదో నడుస్తాయి.

పార్కు మొత్తంలో పెద్ద జారుడుబండ పేరు గరుడ. మూడంతస్తుల మేడంత ఎత్తు. మెట్లెక్కి వస్తే పైన నేనుంటాను, మెడలో విజిల్, చేతిలో వాకీటాకీ. కింద నీళ్ళ మడుగు దగ్గర ముత్యం ఉంటాడు. శ్రీరాంపూర్ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ముందు జారినవాడు లేచి పక్కకు పోయాడని ముత్యం చెయ్యెత్తితేనే నేను వెనకవాణ్ణి పంపాలి. వెల్లకిలా పడుకోవాలి, కాళ్ళు ముందుండాలి, చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి, ఒకసారి ఒక్కరే పోవాలి. ఇందులో అర్థం కానిది ఏముందో నాకైతే తెలియదు.

కానీ ఒక్కరే పోవడం మా జనానికి మింగుడుపడదు. దవాఖానకు పోయినా పదిమంది కలిసి పోయే మనుషులు వీళ్ళు. భార్యను ముందు కూర్చోబెట్టుకుని, ఆమె ఒళ్ళో పిల్లను పెట్టి, పిల్ల చేతిలో చిప్స్ ప్యాకెట్ పెట్టి, మేమందరం కలిసే పోతామంటారు. పట్టుచీర కట్టుకుని వచ్చే అత్తలుంటారు. ఒకాయన బోర్లా పడుకుని తల ముందు పెట్టి పోతానన్నాడు. వెల్లకిలా పడుకుంటే పాడె మీద పోయినట్టు ఉంటుందట.

"బోర్ల పోతే నిజంగనే గట్ల తీస్కపోతరు సారూ" అని చెప్పి, తిప్పి పడుకోబెట్టాను.

ఇవన్నీ నోటితో నెట్టుకొచ్చాను. నిజం చెప్పాలంటే ఈ పని నాకు ఎంతో ఇష్టం. బస్సు మానేశాక ఏడాదిపాటు ఇంట్లో కోడలి ముందు ఖాళీగా కూర్చున్నాను. ఆ ఏడాది ఎలా గడిచిందో పగవాళ్ళకు కూడా చెప్పను. ఇక్కడ నా మాట మీద కలెక్టరాఫీసులో పనిచేసే మనుషులు కూడా చేతులు కట్టుకుని పడుకుంటారు. ఇంకెక్కడ దొరుకుతుంది ఆ భాగ్యం?

నా నోటికి లొంగనిది ఒక్కటే, బరువు.

గరుడకు మధ్యలో రెండు మూపురాలు ఉంటాయి. పార్కు తెరవకముందు హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరు వచ్చి, బియ్యం బస్తాల్లో ఇసుక నింపించి, ఒక్కోటి తూకం వేయించి పైనుంచి వదలమన్నాడు. తోసింది నేనే. అరవై కిలోల బస్తా మర్యాదగా పోయి నీళ్ళలో పడింది. ఎనభై కిలోలది కూడా అంతే. నూటపది కిలోల బస్తా రెండో మూపురం దగ్గర గాల్లోకి లేచింది. లేచి, పక్కగోడ దాటి, మిర్చీ బజ్జీల కొట్టు మీద పడి, పైకప్పు రేకును వెంటబెట్టుకుని లోపలికి దిగింది. కొట్టులో అప్పటికి మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. ఇంజినీరు మాత్రం ఏదో పరీక్ష పాసైనంత సంతోషంగా ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. బరువు పెరిగితే వేగం పెరుగుతుందని, తొంభై దాటితే పంపొద్దని అన్నాడు. బుచ్చిరాములు బతిమాలి, బజ్జీలు తినిపించి, దాన్ని నూరు చేయించాడు. ఎర్ర అక్షరాలతో బోర్డు రాయించింది కూడా ఆయనే.

తూకానికి కాంటా తెచ్చి మొదట మెట్ల కింద పెట్టాం. జనం దాని పక్కనుంచి ఎక్కి వచ్చేవాళ్ళు. అందుకని పైకి మోయించి నా కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను. అయినా బేరాలు తప్పవు. బట్టలు తడిశాయి కాబట్టి ఎక్కువ చూపిస్తోందంటారు. పొద్దున బగారన్నం తిన్నాం, అది తీసేసి లెక్కవేయమంటారు. మీ ఇంట్లో బియ్యం కొనేటప్పుడు కూడా ఇట్లాగే ఉదారంగా తూకం వేయించుకుంటారా అని అడిగితే నాకు పొగరంటారు.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే బుచ్చిరాములు నన్ను పిలిచాడు.

"సరోజనా, ఇయ్యాల మా అల్లుడొస్తుండు. పెండ్లైనంక పార్కు చూడ వచ్చుడు ఇదే మొదలు. ఏదడిగితే అది చెయ్యి. కాదనకు."

"నేనెందుకంట అన్నా. రూల్ బోర్డే అంటది."

"గదే వద్దంటున్న. కొత్తల్లుడు అలిగిండంటే నా ఇల్లు పరేషాన్ అయితది."

ఆయన భయం నాకు అర్థమైంది. మా దిక్కు కొత్త అల్లుడు అలిగితే ఇంటిల్లిపాదీ అన్నం మానేసి చుట్టూ కూర్చుంటారు. మేకపిల్ల కోసినా దిగిరాని అల్లుళ్ళున్నారు. బుచ్చిరాములుకు ఒక్కతే బిడ్డ, నిఖిత. ఆ పిల్లను హుస్నాబాద్‌లో ట్రాక్టర్ల షోరూం నడిపే విజయేందర్‌కు ఇచ్చాడు.

మధ్యాహ్నానికి ఆ విజయేందర్ నా ముందుకు రానే వచ్చాడు. మంచి ఎత్తరి, నిండైన మనిషి, నవ్వు మొహం. పార్కులో ఉన్న అన్నింటికంటే పెద్ద సైజు టీషర్టు ఇస్తే అది ఆయన బొడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. పక్కన నిఖిత. వెనకాల లైన్లో బొగ్గు గని క్వార్టర్ల నుంచి వచ్చిన జనం.

"అల్లుడా, జర కాంటా ఎక్కు" అన్నాను.

"ఎందుకక్కా? నేను తొంభై ఐదు ఉంట."

"ఉంటే మంచిదే. అందరు ఎక్కుతుండ్రు, నువ్వు గూడ ఒక్కసారి కాలు పెట్టు."

ఆయన కాంటా వైపు చూశాడు, నిఖిత వైపు చూశాడు, లైన్ వైపు చూశాడు. తరువాత గొంతు సవరించుకున్నాడు.

"మొన్న మేడారం జాతరల నన్ను నిలువెత్తు బంగారంతోని తూచిండ్రు. తల్లులకు తూగిన ఒంటిని మల్ల వేరే కాంటా మీద పెట్టద్దు. మా దిక్కు గట్లనే ఉంటది."

మేడారంలో సమ్మక్క సారలమ్మలకు బెల్లమే బంగారం. మొక్కుకున్న మనిషిని ఒక తట్టలో, బెల్లాన్ని ఇంకో తట్టలో పెట్టి సరితూచి ఇస్తారు. అంతవరకు నిజం. తూగినవాడు మళ్ళీ కాంటా ఎక్కకూడదన్నది మాత్రం విజయేందర్ అప్పుడే అక్కడే పుట్టించిన ఆచారం. మా మేనత్త ఊరు కూడా హుస్నాబాదే, నాకు తెలియదా? కానీ తల్లుల పేరు తీశాక కాదనడానికి నోరు రావాలి కదా. నాకే రాలేదంటే చూసుకోండి.

ఇంతలో వాకీటాకీలో బుచ్చిరాములు గొంతు గరగరలాడింది. "సరోజనా, అల్లుడు ఇంక జారలేదేంది?"

"కాంటా ఎక్కుతలేడన్నా."

"ఎక్కకుంటే ఎక్కకపాయె. పంపు."

"నూరు దాటి ఉన్నడు."

"నీకెట్ల తెలుసు?"

"కండ్లున్నయ్ కదన్నా."

ఆ వాకీటాకీకి మెల్లగా మాట్లాడటం రాదు. లైన్ మొత్తం విన్నది. విజయేందర్ చెవులు ఎర్రబడ్డాయి. నిఖిత ఆయన చెయ్యి పట్టుకుని, "పాండ్రి, కింద చిన్నదాంట్ల జారుదం" అంది. ఆయన చెయ్యి వదిలించుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తిరిగితే లావున్నాడని తిరిగి పంపిన అల్లుడైపోతాడు. హుస్నాబాద్ చేరేలోపే ఆ మాట హుస్నాబాద్‌లో ఉంటుంది.

"నేను జారుడే" అన్నాడు.

అప్పుడే మెట్లెక్కి ఆయన తల్లి వచ్చింది. పేరు శంకరవ్వ. కొడుకులో సగం కూడా ఉండదు, పుల్లలాంటి మనిషి. కొడుకు జారడం పైనుంచి చూద్దామని ఎక్కిందట. ఆయాసపడుతూ కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆమెను చూడగానే నాకు ఉపాయం తట్టింది.

"అక్కా, దమ్ము తీసుకో" అన్నాను. "జాతరల మీ కొడుకును బంగారంతోని ఘనంగ తూచిండ్రట. ఎంతైందేంది?"

ఆయాసం ఎటుపోయిందో, ఆమె మొహం వెలిగిపోయింది.

"నూటపదహారు కిలోలు చెల్లె. బెల్లం కొట్టాయన దగ్గర ఒడిసిపోతే పక్క కొట్ల తెప్పిచ్చినం. ఆటో కుంగింది. మా వాడకట్టంత ప్రసాదం తిన్నా ఇంక మిగిలింది."

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకడు, "కట్నాల లెక్క నూటపదహార్లు కొట్టిండ్రు" అన్నాడు. విజయేందర్ కళ్ళు మూసుకుని "అవ్వా" అన్నాడు. పాపం ఆమెకు ఏం అర్థం కాలేదు. జాతరలో ఎంత తూగితే అంత గొప్ప. ఆ తూకం ఇక్కడ పనికిరాదని ఎవరూ చెప్పలేదు.

"బోర్డు నూరంటది అల్లుడా" అన్నాను.

ఈలోగా బుచ్చిరాములు తానే పైకొచ్చాడు. తన పార్కులో తాను ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి కావచ్చు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుంది.

"పక్కకు జరుగు సరోజనా."

"బస్తా యాదికి లేదా అన్నా?"

"బస్తా బస్తానే, మనిషి మనిషే. బస్తాకు చేతులుంటయా? మా అల్లుడు పట్టుకుంటడు."

"చేతులు ఛాతి మీద కట్టుకోవాల్నని నువ్వే రాయిస్తివి. ఏంతోని పట్టుకుంటడు?"

జవాబు లేనివాడు ఓనరైతే గొంతు పెంచుతాడు. "పార్కు నాదా నీదా? రూల్ రాయించినోన్ని నేనే, తీసేసేటోన్ని నేనే. జరుగు" అన్నాడు. విజయేందర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

నేనేం చేశానంటే, వెళ్ళి గరుడ నోట్లో కూర్చున్నాను. జారే దారి మొదట్లో నీళ్ళు కుమ్మరించే చోటు ఉంటుంది, సరిగ్గా అక్కడ, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, వాళ్ళ వైపు మొహం పెట్టి. నీళ్ళు నడుము మీద కొట్టి పక్కలనుంచి పోతున్నాయి. గౌరవంగా ఉందని చెప్పను. బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళను తిట్టినదాన్ని, నేనే వేలాడుతున్నాను.

"రేపటి సంది పనికి రాకు" అన్నాడు బుచ్చిరాములు.

"రేపు రాను. ఇయ్యాల ఉన్న కదా."

అనడానికి అన్నాను గానీ, మళ్ళీ ఇంట్లో ఆ మంచం, ఆ టీవీ, కోడలు నా ముందు నుంచి నిట్టూర్చుకుంటూ తిరగడం కళ్ళముందు కనిపించాయి. ఏడుపు కూడా వచ్చేలా ఉంది. అయినా లేవలేదు. ఆ బస్తాను తోసిన చేతులు నావి. అది ఎలా లేచిందో చూసిన కళ్ళు నావి. ఈ పిల్లగాణ్ణి తోయమంటే తోయలేను.

"ఏందన్నా లొల్లి?" అంది శంకరవ్వ. "పోతే ఏమైతది? ఎందుకు పోనిస్తలేదు గీ చెల్లె?"

"ఏం కాదక్కా, నువ్వు ఫికర్ వడకు" అన్నాడు బుచ్చిరాములు.

"గా రేకు చూడక్కా" అన్నాను నేను. చెయ్యి వదిలే వీలు లేక గడ్డంతో చూపించాను. బజ్జీల కొట్టు మీద పాత రేకుల మధ్య కొత్త రేకు ఒకటి మెరుస్తోంది. "నూటపది కిలోల ఇసుక బస్తను వదిలినం. నడుమ లేసి, గోడ దుంకి, గాడ పడ్డది. రేకు పగిలింది, బస్త పగిలింది. మీ కొడుకు గా బస్తకంటే ఎక్కువున్నడు. గదే చెప్తున్న, వింటలేరు."

శంకరవ్వ కమ్మీ దగ్గరకు పోయి కిందికి చూసింది. మూపురాన్ని చూసింది, గోడను చూసింది, రేకును చూసింది. వెనక్కి వచ్చేటప్పటికి ఆమె మొహంలో జాతర లేదు.

"గా తూకం నేను అడుక్కున్న తూకం" అంది, బుచ్చిరాములుతో.

"అవ్వా, గిప్పుడెందుకు?" అన్నాడు విజయేందర్.

"నువ్వాగు కొడుకా. అన్నా, నీకు చెప్పలే. చెప్తే పిల్లనియ్యరని చెప్పలే. వీడు మస్కట్ల ఉన్నప్పుడు టీబీ అని తేలింది. విమానం ఎక్కిచ్చి తోలిచ్చిండ్రు. ఎయిర్‌పోర్టుల బయటికొస్తే నేను గుర్తువట్టలే. నా కొడుకు ఇంక రాలేదని వీని ముంగటనే ఎతుకుతున్న. నలభై రెండు కిలోలు. దవాఖానల దుప్పటి కప్పితే కింద మనిషున్నట్టే లేకుండె. మొన్నటి జాతర కాదు, దాని ముందటి జాతరకు ఒక్కదాన్నే పోయి మొక్కిన. తల్లీ, వీని ఒళ్ళు వీనికి మల్లియ్యుండ్రి, మీరెంతిస్తే నేనంత బంగారం తూగిస్త అన్న. మందులు మింగిండు, గుడ్లు తిన్నడు, ఒక్కో కిలో ఎక్కిండు. ఒక్కో కిలోకు నేను గల్లి గల్లి తిరిగి చెప్పుకున్న. గిప్పుడు గా బస్త లెక్క లేసిండంటే మల్ల ఎవలనడుగుదు?"

కొడుకు మణికట్టు పట్టుకుంది. ఆమె గుప్పిట్లో అది సగం కూడా పట్టలేదు.

బుచ్చిరాములు మొహం చూస్తే, ఏ వైపునుంచి కోపం తెచ్చుకోవాలో తెలియక ఆగిపోయినట్టుంది. బిడ్డ వైపు తిరిగాడు.

"విన్నవా?"

"నాకెరికే బాపూ" అంది నిఖిత. "పెండ్లిచూపులప్పుడే చెప్పిండు. ఇద్దరం పోయి డాక్టర్ను గూడ అడిగినం. అంత తగ్గిపోయింది."

"మరి నాకు చెప్పకపోతివి?"

"నువ్వు ట్రాక్టర్ల గురించే అడిగినవ్. ఒంటి గురించి ఎవలడిగిండ్రు?"

శంకరవ్వ కోడలి వైపు చూసిన చూపు నేను చూశాను. ఇన్నాళ్ళూ తాను ఒక్కతే మోసిన మూటను ఇంకొకరు కూడా మోస్తున్నారని అప్పుడే తెలిసింది ఆమెకు. రెండో చేత్తో నిఖిత చెయ్యి కూడా పట్టుకుంది.

బుచ్చిరాములు తువ్వాలతో మొహమంతా తుడుచుకున్నాడు. తరువాత నా మీద పడ్డాడు.

"నువ్వేంది ఇంక గాడనే కూసున్నవ్? లే. లైన్ల జనం ఉన్నరు."

"రేపు?"

"రేపేంది? ఎప్పటి లెక్కనే. జల్ది రా."

లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. విజయేందరే వచ్చి రెండు చేతులూ పట్టి పైకి లాగాడు. మంచి బలమున్న చెయ్యి. నన్ను నిలబెట్టి, మెట్ల వైపు పోతాడనుకుంటే పోలేదు. చెప్పులు విప్పాడు. ఎవరూ అడగకుండానే కాంటా మీద ఎక్కి, అందరి ముందూ నిటారుగా నిలబడ్డాడు.

"చూడవ్వా" అన్నాడు.

శంకరవ్వకు అంకెలు చదవడం రాదు. ఎర్రగా వెలిగే ఆ గాజు ముక్క మీదికి వంగి, "ఎంత చెల్లె?" అని నన్ను అడిగింది.

"నూటపద్దెనిమిది అక్కా."

ఆమె పెదవులు కదిలాయి, లెక్క వేసుకుంటోంది. ఆ అంకె మీద చెయ్యి ఆనించి రెండు కళ్ళకూ అద్దుకుంది.

"రెండు పెరిగినయ్" అంది. "గా రెండు తల్లులకు బాకీ పడ్డం కొడుకా. వచ్చే జాతరకు ఇద్దాం."

నాకు ఏడుపు ఆగలేదు. ముత్యం కింద నుంచి చెయ్యెత్తి ఊపుతూనే ఉన్నాడు. నేను ఎవర్నీ పంపలేదు, లైన్లో ఉన్నవాళ్ళు కూడా తొందరపెట్టలేదు.